పుణ్యగర్వము - భారతమందలి మూఁడు కథలు

మనుష్యుఁడు మంచివాఁడై బ్రదుకుటకు నెన్ని యడ్డంకులు గలవో నీతిశాస్త్రములు చిరకాలముగా లెక్కించుచు వచ్చినవి. కామము, క్రోధము, లోభము, మోహము, మదము, మాత్సర్యము అను నాఱును వానిలో ముఖ్యములని బాలురు సైత మెఱుఁగుదురు. ఇవి చెడ్డవానిని మఱింత చెఱచు ననుట స్పష్టమే. కాని చెడునడత విడిచి సన్మార్గమునఁ గొంతదూరము నడచినవానికి, ఆ నడకవలననే పుట్టు దోష మొకటి కలదు. తాను చేసిన తపస్సు, తాను చదివిన చదువు, తాను పెట్టిన యన్నము, ఇవియే వానికి గర్వకారణము లగును. పాపము చేసినవానికిఁ బశ్చాత్తాప మను ద్వారము తెఱచియుండును. పుణ్యము చేసితినని పొంగువానికి ఆ ద్వారము మూసికొనిపోవును. తన్నుఁ దాను దిద్దుకొనవలసిన పని మిగిలియున్నదని వానికిఁ దోఁచనే తోఁచదు. ఈ దోషమునకుఁ బుణ్యగర్వ మని పేరు పెట్టవచ్చును.

మహాభారత మీ దోషమును మూఁడు చోట్ల మూఁడు కథలచేఁ బరీక్షించినది. అరణ్యపర్వమునఁ గౌశికుని కథ, శాంతిపర్వమున జాజలి కథ, ఆశ్వమేధికపర్వమున ముంగిస కథ అనునవియే యా మూఁడును. మొదటిది పాతివ్రత్యమునకును మాతాపితృసేవకును, రెండవది యహింసకును, మూఁడవది దానమునకును నిదర్శనములుగాఁ జెప్పుట పరిపాటి. అట్లు చెప్పుట తప్పు గాదు. అయినను మూఁటిని నొక్కచోఁ జేర్చి చదివినచో, వానికిఁ బ్రధానమైన ప్రశ్న యొక్కటియే యని తెలియును: మంచి చేసినవాఁడు, మంచివాఁడుగా నెట్లు నిలువఁగలఁడు?

తెనుఁగున మొదటి కథ గల యరణ్యపర్వశేషమును ఎఱ్ఱన 14వ శతాబ్దమునను, తక్కిన రెండు కథలకు స్థానములైన పర్వములను తిక్కన 13వ శతాబ్దమునను రచించిరి. ఇచ్చటఁ గథాక్రమము వ్యాసమూలము ననుసరించి చెప్పఁబడుచున్నది. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థ 1919లో నారంభించి 1966లో ముగించిన సంశోధితపాఠమునందును ఈ మూఁడు కథలు నిలిచియున్నవి.

కౌశికుఁడు వేదాధ్యయనపరుఁడు, తపస్వి. ఒకనాఁ డతఁడు చెట్టు మొదట నుండి వేదము వల్లించుచుండఁగా, కొమ్మమీఁది యాఁడుకొంగ యొకటి యతనిపై రెట్ట వేసెను. అతఁడు కోపముతోఁ దలయెత్తి చూచెను. ఆ చూపునకే కొంగ ప్రాణములు విడిచి నేలఁ బడెను. దానిఁ జూచి యతఁడు వగచెను. కాని యా వగపు లోఁతునకు దిగలేదు. పిమ్మట గ్రామమునకు భిక్షకుఁ బోయి యొక యింటిముందు నిలిచెను. పాత్రలు గడుగుకొనుచున్న యిల్లాలు కొంచెము తాళుమనెను. ఇంతలో నామె భర్త యాఁకలిగొని వచ్చెను. ఆమె యతనికిఁ గాళ్ళు గడుగ నీళ్ళొసఁగి, పీట వేసి, యన్నము పెట్టి, ఆ పనిలోఁ బడి భిక్షకుని మఱచెను. జ్ఞప్తికి వచ్చినంతనే సిగ్గుపడి భిక్షఁ గొనివచ్చెను. కౌశికుఁడు మండిపడి, బ్రాహ్మణుని వాకిట నిలువఁబెట్టుట గర్వమని నిష్ఠురము లాడెను. ఆమె క్షమింప వేఁడి, తాను కొంగను గానని మెల్లఁగాఁ దెలిపెను. అడవిలో జరిగినది యెవ్వరు నెఱుఁగరని యనుకొన్న తపస్వికి ఆ యొక్క మాట చాలెను.

కొంగపైఁ గలిగిన కోపమును, ఇల్లాలిపైఁ గలిగిన కోపమును ఒక్కటియే. తపస్సు కౌశికుని చూపునకు శక్తి నిచ్చినది గాని, చూచువానికి శాంతి నీయలేదు. శక్తి లేనివాని కోపము మాటలతోఁ బోవును. శక్తి గలవాని కోపము ప్రాణములు గొనును. కాఁబట్టి యలవడిన శక్తికిఁ దగినంత యడఁకువ యలవడనిచోఁ దపస్సు లోకమునకు భయహేతు వగుచున్నది. కోపము మనుష్యుని దేహమందే కాఁపురముండు పగవాఁ డని గృహిణి యతనికి బోధించినది. అతఁడు ధర్మము చదివినవాఁడే గాని దాని తత్త్వ మెఱుఁగఁ డనియు, మిథిలానగరమందలి వ్యాధు నడిగి తెలిసికొనవలసిన దనియుఁ జెప్పినది. గర్వ మీమెకుఁ గాదు, తనకే యని కౌశికుఁడు గుర్తించి బయలుదేఱుట యా కథలో నతఁడు చేసిన మొదటి మంచిపని.

మిథిలలో నా వ్యాధుఁడు మాంసపు టంగడిలోఁ గూర్చుండి లేడిమాంసము, దున్నమాంసము నమ్ముచుండెను. కొనువారి గుంపునకు దూరముగా నొక మూలఁ గౌశికుఁడు నిలిచెను. వ్యాధుఁడు తానే లేచి వచ్చి నమస్కరించి, యతని నెవ్వరు పంపినదియు, ఎందులకుఁ బంపినదియుఁ జెప్పి, ఈ చోటు తమకుఁ దగదని యింటికిఁ దోడ్కొనిపోయెను. ఇంత ఘోరమైన పని నీ కెట్లు తగునని కౌశికుఁ డడిగెను. వ్యాధుఁడు తన వృత్తిని దాఁచలేదు, పొగడుకొనలేదు. అది తాతతండ్రులనుండి వచ్చిన దనియు, తాను స్వయముగాఁ జంపక యితరులు చంపినవాని మాంసమే యమ్ముదు ననియు, తాను మాంసము దిన ననియుఁ జెప్పెను. సత్యము పలుకుట, ఈర్ష్య లేకుండుట, చాలినంత దానము చేయుట, దేవతలకును నతిథులకును సేవకులకును బెట్టఁగా మిగిలినది భుజించుట తన నియమము లనెను. తన పని ఘోర మనుట నతఁడు కాదనలేదు. ఐనను నాఁగలి చాలు క్రింద నెన్ని ప్రాణులు చచ్చునో, ధాన్యపు గింజలలోఁ బ్రాణ మెట్లున్నదో, నడచువాని యడుగుల క్రింద నేమేమి నలుఁగునో చూపి, హింస యేమాత్రమును లేక బ్రదుకువాఁడు లోకమున లేఁడనియు, యత్నించి తగ్గించుకొనుటయే సాధ్య మనియు నిరూపించెను.

ఉపన్యాస మెంత సూక్ష్మమైనను, వ్యాధుఁడు దాని నంతటితో ముగింపలేదు. తన ధర్మమును గన్నులారఁ జూడుమని కౌశికుని లోపలికిఁ గొనిపోయెను. అచ్చట నతని ముసలి తలిదండ్రులు తెల్లని బట్టలు గట్టి, భోజనము చేసి, మంచి యాసనములపైఁ గూర్చుండియుండిరి. వ్యాధుఁడు వారి పాదములపై శిర ముంచి మ్రొక్కెను. ఇతరులు దేవతలకుఁ జేయున దెల్లఁ దాను వీరికిఁ జేయుదు ననెను. పిదపఁ గౌశికునితో నొక కఠినసత్యము చెప్పెను. వేదము చదువఁగోరి కౌశికుఁడు తలిదండ్రుల యనుమతి లేకయే యిల్లు వెడలివచ్చినాఁడు. ముసలివారు శోకముచేఁ గన్నులు గానక యున్నారు. వారిఁ బ్రసన్నులఁ జేసికొననంతకాలము ఆ చదువును, ఆ తపస్సును నిష్ఫలములు. కథ యిచ్చటికి వచ్చువఱకు కౌశికుని లోపము కోప మొక్కటియే యనిపించును. ఇచ్చట దాని మూలము బయలుపడినది. ఇంట గెలిచి రచ్చ గెలువవలె నను తెనుఁగు సామెత యతనియెడ నక్షరాల సరిపోవును. కౌశికుఁడు వాదింపలేదు. తిరిగిపోయి తలిదండ్రులను సేవించెను.

జాజలి కథ శాంతిపర్వమున భీష్ముఁడు చెప్పినది. ధర్మము సూక్ష్మ మనియు, శాస్త్రపాఠ మాత్రమున దానిని నిశ్చయించుట శక్యము గాదనియు ధర్మరాజు సందేహింపఁగా, భీష్ముఁడు దీనిని దృష్టాంతముగాఁ దెచ్చెను. జాజలి వనవాసి, మహాతపస్వి. అతఁడు మ్రాకువలెఁ గదలక నిలిచియుండఁగాఁ బిచ్చుకల జంట యొకటి యతని జడలలో గూఁడు గట్టెను. అవి గ్రుడ్లు పెట్టినవి; పిల్లలైనవి; ఱెక్కలు వచ్చి పగ లెగిరిపోయి సాయంకాలము తిరిగి వచ్చుచుండినవి. తుద కొకప్పుడు నెలదినములు గడచినను రాలేదు. అంతవఱకును జాజలి కదలలేదు. ఇంతటి కరుణయు నింతటి యోర్పును గల పని లోకమున నరుదు. కాని పక్షు లిఁక రావని తెలిసినంతనే యతఁడు తన కార్యము సిద్ధించినదని పొంగి, చంకలు చఱచుకొని, ధర్మము తనకు లభించినదని యెలుఁగెత్తి యఱచెను. వెంటనే యాకాశమున నొక వాక్కు వినవచ్చెను. కాశీనగరమందలి తులాధారునికి జాజలి సాటి గాఁడనియు, ఆ తులాధారుఁ డైనను నిట్టి మాట పలుకఁ దగఁడనియు నా వాక్కు తెలిపెను.

ఈ రెండవ వాక్యము మిగుల గమనింపఁదగినది. జాజలి తక్కువవాఁడు, తులాధారుఁ డెక్కువవాఁ డని మాత్రమే చెప్పినచో, గర్వము జాజలి నుండి తులాధారునికి మాఱెడిది, అంతియే. ఎక్కువవాఁడు సైత మట్లు చెప్పుకొనరాదనుటతో, గర్వమున కెవ్వనియం దును జోటు లేకపోయినది. ధర్మము లభించినదని చెప్పుకొనుటయే ధర్మము జాఱిపోవుటకు గుర్తు. పక్షుల రక్షించినంతకాలము జాజలికిఁ దన్నుఁగూర్చిన తలఁపు లేదు. తలఁపు పుట్టినప్పుడు పక్షులు లేవు.

జాజలి యసూయతోడనే కాశికిఁ బోయెను. తులాధారుఁడు సరకు లమ్ముకొను వర్తకుఁడు. అతఁడును వ్యాధునివలెనే లేచి యెదురువచ్చి, పిచ్చుకల వృత్తాంతమును ఆకాశవాణిని దానే చెప్పెను. తన బ్రదుకు తెరువును వివరించెను. సుగంధద్రవ్యములు, లక్క మున్నగువానిని ఇతరులవలనఁ గొని మోసము లేక యమ్ముదుననియు, మద్య మమ్మననియు, తన త్రాసు సర్వభూతములయెడ సమముగా నిలుచుననియు నతని మాట. ప్రాణులకు ద్రోహము లేనిది గాని, స్వల్పద్రోహము మాత్రమే గలది గాని యైన వృత్తియే మేలైన దని యతని నిర్ణయము. ఎద్దుల ముక్కులు గ్రుచ్చి బరువులు మోయించుటను, దున్నుటలోఁ బురుగుల చావును, అవి పూర్వులనుండి వచ్చు నాచారము లైనంతమాత్రమున నతఁ డంగీకరింపఁడు.

ఇచ్చట వ్యాధునికిని దులాధారునికిని భేద మున్నది. హింస తప్పనిదని యొప్పుకొని తన పనిని జేయువాఁ డొకఁడు. హింస తక్కువైన పని నేఱికొన్నవాఁ డొకఁడు. భారత మీ భేదమును దుడిచివేయలేదు. వృత్తి యెంచుకొనఁగలిగినవాఁడు తులాధారునివలెఁ గొలుచుకొనవలెను. ఎంచుకొన లేక పుట్టుకచేతనో యవసరముచేతనో కష్టమైన పనిలోఁ జిక్కినవాఁడు వ్యాధునివలె దానిలోఁ గీడు తగ్గించుకొని, నిజము దాఁచక బ్రదుకవలెను. ఇరువురకు నుమ్మడిగా నున్న గుణము, తమ పనిని నున్నదున్నట్లు చూచుట. తన వృత్తిలోని చెడుగును జూడనివాఁడు దానిని దగ్గింపలేఁడు. దానికి మంచి పేరు పెట్టినవాఁ డెన్నఁడును దగ్గింపఁడు.

మూఁడవ కథ ఆశ్వమేధికపర్వమునందలిది. యుద్ధపాపమునకుఁ బ్రాయశ్చిత్తముగా వ్యాసుని యుపదేశమున ధర్మరా జశ్వమేధము చేసెను. అన్నదానములకును స్వర్ణదానములకును మితి లేదు. అందఱును రాజును గొనియాడుచుండఁగా, సగము దేహము బంగారమైన ముంగిస యొకటి వచ్చి, ఈ యజ్ఞము కురుక్షేత్రమందలి యొక పేదబ్రాహ్మణుని పేలపిండికి సాటి గాదని మనుష్యవాక్కునఁ బలికెను. విప్రులు కారణ మడుగఁగాఁ దాను గన్నది చెప్పెను.

ఆ బ్రాహ్మణుఁ డుంఛవృత్తిచే, అనఁగాఁ గోఁతలైన పొలములలో రాలిన పరిగ గింజలు గూర్చుకొని, భార్యతోడను, కుమారునితోడను, కోడలితోడను జీవించుచుండెను. కఱవు వచ్చెను. అనేకదినములు పస్తుండఁగా నొకనాఁడు ప్రస్థ మను కొలఁతగల యవలు దొరకెను. వానిని బేలపిండి చేసి, నలువురు నొక్కొక్క కుడుబముగాఁ బంచుకొనిరి. తినఁబోవునంతలో నతిథి వచ్చెను. బ్రాహ్మణుఁడు తన పా లిచ్చెను. అతిథి యాఁకలి తీఱలేదు. భార్య తన పా లిచ్చెను, తీఱలేదు. కుమారుఁ డిచ్చెను, తీఱలేదు. చిక్కి శల్యమైన కోడలి పాలు తీసికొనుటకు మామ వెనుదీసెను. ఆమె యొప్పించి యిచ్చెను. అతిథి ధర్మదేవత, అతఁడు తృప్తుఁడై నలువురను దివ్యలోకమునకుఁ బంపెను. అచ్చట రాలిన పిండిలోఁ బొరలిన ముంగిసకు శిరస్సును సగము దేహమును బంగార మయ్యెను. తక్కిన సగమును బంగారము చేసికొనఁగోరి యది యజ్ఞశాల లన్నియుఁ దిరిగినది. ధర్మరాజు యజ్ఞశాలలోను గోరిక తీఱలేదు.

ధర్మరాజు దానములు గొప్పవి కావని దీని భావము గాదు. కాని యా యజ్ఞమునకు వలసిన బంగారము మరుత్తచక్రవర్తి తన యజ్ఞమున మిగిల్చి హిమవత్పర్వతమున విడిచినది. అది తెచ్చి యిచ్చుటవలన దాత తినుకూటి కేమియుఁ దక్కువ కాలేదు. పేదవాఁ డిచ్చినది మఱునాఁటి ప్రాణము. కొలఁతలో నొకటి ప్రస్థము, ఇంకొకటి పర్వతము. త్యాగమున నవి తాఱుమాఱైనవి. ముంగిస ఈ మాట స్పష్టముగాఁ జెప్పలేదు. రెండు వృత్తాంతములను బ్రక్కప్రక్కఁ బెట్టినప్పుడు పాఠకునికే స్ఫురించును.

ఇంతకును ఆ ముంగిస యెవ్వరు? జమదగ్ని శ్రాద్ధమునకై యుంచిన పాలను బాడుచేసి, పితృదేవతల శాపమునకు గుఱియైన క్రోధమే యది యని కథాంతమునఁ దెలియును. ధర్ముని నధిక్షేపించినప్పుడు శాపవిమోచన మగునని యవధి యుండినది. విమర్శించినవాఁడును నిష్కళంకుఁడు గాఁడని చెప్పి, ధర్మరాజును దక్కువ చేసితినను గర్వమును సైతము వ్యాసుఁడు నిలువనీయలేదు.

మూఁడు కథల కూర్పులో నొక విశేషము గలదు. కౌశికుని కథ మార్కండేయుఁడు ధర్మరాజునకుఁ జెప్పినది. అప్పు డతఁడు రాజ్యము గోల్పోయి యడవిలో నున్నాఁడు. జాజలి కథ భీష్ముఁ డతనికే చెప్పినది. అప్పుడు యుద్ధము గెలిచియు బంధువులను గోల్పోయి దుఃఖమున నున్నాఁడు. మూఁడవది యెవ్వరు నతనికిఁ జెప్పిన కథ గాదు. సామ్రాజ్యము స్థిరమై, యజ్ఞము ముగిసి, నలుదెసలఁ బ్రశంసలు మ్రోఁగునప్పు డతని యెదుటనే జరిగినది. ముంగిస మాటాడునప్పు డతఁడు శ్రోతగాఁ గాక పరీక్షింపఁబడువాఁడుగా నిలిచెను. లేమిలోను దుఃఖములోను వినిన హితము కలిమిలో మఱపునకు వచ్చుట లోకస్వభావము. కావుననే యా హితమును దిరిగి జ్ఞప్తిచేయుటకుఁ గవి యజ్ఞవాటికకు ముంగిసను బంపెనని తోఁచును.

ఈ కథలు తపస్సును, చదువును, యజ్ఞమును నిందించుచున్నవని యనుకొనుట సరిగాదు. కౌశికుని వేదాధ్యయనము తప్పని వ్యాధుఁ డనలేదు. తలిదండ్రులను విడిచి చదువుట తప్పనెను. జాజలి పక్షులఁ గాచుట తప్పని యాకాశవాణి యనలేదు. చంకలు చఱచుకొనుటను వారించెను. మఱియొక శంకయుఁ గలదు. వ్యాధుఁడు పూర్వజన్మమున వేదవిదుఁడైన బ్రాహ్మణుఁ డనియు, మృగ మనుకొని ఋషిని బాణముతోఁ గొట్టి శాపముచే నిట్లు పుట్టె ననియుఁ గథలో నున్నది. గుణముచేతనే మనుష్యుని నెన్నవలె నను భావమును, గుణమునకుఁ బూర్వజన్మమే కారణ మను భావమును నిందుఁ బెనఁగొనియున్నవి. అట్లే గృహిణి జ్ఞానమునకుఁ బతిసేవ యొక్కటియే యాధారముగాఁ జెప్పఁబడుట యా కాలపు సంఘస్థితికి లక్షణము. పాఠకుఁడు వీనిని గప్పిపుచ్చ నక్కఱలేదు. కాలమునకుఁ జెందిన దానిని గాలమునకు విడిచి, ఎదుటనున్న పనిని నిండుమనస్సుతోఁ జేయుటవలన నెవ్వరికైనఁ జిత్తశుద్ధి కలుగు నను సారమును గ్రహింపవచ్చును. స్వామి వివేకానందుఁడు 1896లో వెలువడిన కర్మయోగోపన్యాసములలో వ్యాధుని కథను, ముంగిస కథను జెప్పి, వానినుండి తీసిన సార మిట్టిదే. ఏ పనియు స్వతః హీనము గాదనియు, తిరిగి కోరకుండ నిచ్చునదే దాన మనియు నతఁడు పాశ్చాత్యులకుఁ దెలిపెను.

ఉపదేశించినవారి నడవడియు నుపదేశమంత విలువ గలది. గృహిణి తపస్వి నోడించియుఁ దన యింటనే యాతని నిలుపుకొనక వ్యాధునికడకుఁ బంపెను. వ్యాధుఁడు తన శిష్యుఁడుగా నుంచుకొనక తలిదండ్రులకడకుఁ బంపెను. తులాధారుఁడు తన మాట నమ్ముమనక, జాజలి పెంచిన పక్షులనే పిలిచి యడుగుమనెను. పేదబ్రాహ్మణుఁ డుపదేశమే చేయలేదు. తన మంచితనమునకుఁ దానే సాక్షిగా నిలువక పనిని సాక్షిగా నిలుపుట వీరందఱికి సమానము.

సజ్జీవనము గోరువాఁడు దినాంతమునఁ జేయవలసిన విమర్శ యిందువలనఁ దేటపడును. ఎన్ని మంచిపనులు జరిగినవని లెక్కించుట సులభము. ఆ లెక్కయే గర్వమునకు విత్తనము. ఆ దినమున భిక్ష యాలస్యమైనచో మనస్సెట్లుండెను, త్రాసు పట్టినచేయి నిలుకడగా నుండెనా, ఇచ్చినది మిగులులోనిదా, తినుపాలిలోనిదా, ఇంట నెవ్వరైనఁ గన్నులు గానక యెదురుచూచుచున్నారా, అని యడుగుకొనుట కష్టము. ధర్మమార్గమున ముందునకుఁ గొనిపోవునది యీ కష్టమైన ప్రశ్నయే.